ఎడమ కాలి బూటు

మూడు రోజుల ఉపవాసంలో ఇది రెండో రోజు.
నీళ్ళు కూడా ముట్టం. నాలుక అట్టముక్కలా ఉంది.
చర్చి పైకప్పు ఇంకా నల్లగానే ఉంది.
కడగొద్దన్నాడు మా పాదిరి అబూనా మత్తోకా,
మసి కూడా సాక్ష్యమే, ఉండనివ్వండి, అని.
నేను కరెంటు పనివాణ్ణి.
నిచ్చెన మీద నిలబడి, కాలిన తీగలు పీకి కొత్తవి లాగుతూ
కింద వాళ్ళ ప్రార్థన వింటున్నాను:
ఈ పట్టణాన్ని కనికరించు ప్రభువా,
దీని మీదికి రానున్న కీడు తప్పించు.

ఏ పట్టణాన్ని?
పడమటి కిటికీలోంచి చూస్తే
టైగ్రిస్ మంచులో అదిగో, మోసుల్.
ఆ ట్రక్కులు బయల్దేరింది అక్కణ్ణుంచే.
నా తమ్ముడు యల్దాను ఎక్కించుకుని
తిరిగి వెళ్ళింది కూడా అటే.

ముత్తాతల నాటినుంచీ ఏటేటా ఇదే ఉపవాసం,
సింహాసనం దిగి బూడిదలో కూలబడ్డ రాజును తలుచుకుంటూ,
పశువులకు కూడా మేత మాన్పించిన నీనెవెను తలుచుకుంటూ.
ఆ కథలో నాకు నచ్చింది మాత్రం ప్రవక్తే.
చేప కక్కేసిన మనిషి.
నలభై రోజులు గడువని చాటి,
ఊరికి తూర్పున పందిరి వేసుకుని
మంట ఎప్పుడు దిగుతుందా అని కాచుక్కూర్చున్న మనిషి.

మా ఊరు ఆ నగరానికి సరిగ్గా తూర్పున.

నేనూ కూర్చున్నాను, మూడేళ్ళు,
ఎర్బిల్‌లో గుడారం ముందు,
నెత్తి మీంచి పోయే విమానాల్ని లెక్కపెడుతూ.
పడనీ దేవా, అన్నాను.
పడ్డాయి.
పడ్డచోట ఎవరున్నారో నేనడగలేదు.

మధ్యాహ్నం స్విచ్‌బోర్డులకని పక్క ఊరు వెళితే
సగం కూలిన ఇంటికి నా తలుపు.
పొరబడే వీల్లేదు, అదే నీలం,
అంచు వెంట నేను మేకుతో గీసిన గీతలు.
నా కూతురు శమీరాం ఎత్తు:
నాలుగేళ్ళప్పుడు, అయిదేళ్ళప్పుడు,
ఆరు దగ్గర ఆగిపోయాయి.
ఆ ఏడే మేం పారిపోయాం.

నా తలుపును నేనే తన్నాను.
తెరిచింది ఒక పిల్లవాడు.
కుడి బూటు ఎడమ కాలికి, ఎడమది కుడికి.
లోపల చీకట్లో ఎవరో ముసలమ్మ దగ్గుతోంది.
మీ నాన్నేడిరా, అన్నాను వాళ్ళ అరబ్బీలో.
వాడు వేలు పైకెత్తి ఆకాశం చూపించాడు.
స్వర్గమనో, విమానమనో.

కోపం ఉన్నచోటే ఉంది, అబద్ధమెందుకు.
మోకాళ్ళు మాత్రం వంగాయి,
ఆకలివల్ల కావచ్చు.
వాడి బూట్లు విప్పి, కాలి మార్చి తొడిగి, లేసులు బిగించాను.
పడిపోకుండా నా జుట్టు పట్టుకుని నిలబడ్డాడు వాడు.
వాడి నడినెత్తి
శమీరాం అయిదేళ్ళ గీతకు కొంచెం కింద.

తలుపు తెచ్చుకోలేదు. రేపు తెచ్చుకుంటానేమో.

క్షమించానని ఎవరూ రాసుకోవద్దు.
యల్దా ఏడని అడగాల్సిన లెక్క ఇంకా నా దగ్గరే ఉంది.
అడిగే రోజొకటి ఉండాలి, ఉండి తీరాలి.
తీర్పే లేని లోకంలో
నా తమ్ముడు ఒట్టి దుమ్ము.
కానీ ఆ పీఠమెక్కి కూర్చునేవాడు
సంతకం చెయ్యడానికి చెయ్యెత్తితే
అరచేతిలో చిల్లి కనబడుతుందే!
ఎవరి మీద ముందు పడిందో ఆ తీర్పు
ఆ చెయ్యే చెబుతుందే!
అలాంటివాడి ముందు నా లెక్క చదవాలంటే
గొంతు కాస్త తగ్గుతుంది, అంతే.

మూడో రోజు సాయంత్రం పని అయిపోయింది.
స్విచ్ వేశాను.
వెలుగు వచ్చి, ముందుగా
మసినే చూపించింది, మూలమూలా.
కింద మళ్ళీ అందుకున్నారు, ఈ పట్టణాన్ని, అని.
నిచ్చెన దిగకుండానే నోరు తెరిచాను.
"ఈ" దగ్గరే నాలుక అంటుకుపోయింది.
మళ్ళీ మొదలుపెట్టాను.